గాలి తప్పు కాదు

మారతహళ్ళిలో బస్సు ఆగినప్పుడల్లా తలుపు పైనున్న సిలిండరు బుస్సుమంటూ కడ్డీని తోస్తుంది, కడ్డీ ఒక చిన్న లివరును నెడుతుంది, దాంతో ఇరుసు తిరిగి తలుపు తెరుచుకుంటుంది. నేను మాత్రం అటు చూడలేక కిటికీ వైపు మొహం తిప్పుకుంటాను. యాభై దగ్గరపడుతున్నా ఈ అలవాటు పోలేదు. నాతో చదివినవాళ్ళ కంట పడుతుందనే ఇది రాస్తున్నాను.

కాలేజీలో రింగులు బుట్టల్లో వేసే పోటీకి మేం కట్టిన రోబో చేతికి మోటారు లేదు, గాలి సిలిండరే దిక్కు. అదేమో ముందుకీ వెనక్కీ తప్ప కదలదు, చేయేమో గుండ్రంగా తిరగాలి. హొసకోటె నుంచి వచ్చే నా స్నేహితుడు ఇరుసుకు లివరు బిగించి, కడ్డీ కొసను పిన్నుతో దానికి తగిలించాడు. చేయి పావు చుట్టు కన్నా కాస్త ఎక్కువే తిరిగింది, రింగు ఎత్తి పక్కబుట్టలో వేయడానికి అది సరిపోయేదే. నాకు చాలలేదు. వెనక్కి తిప్పి కూడా వేయగలిగితే జనం నోరు తెరుస్తారని, జట్టు నాయకుణ్ణి కూడా గనక, చేయి ఇంకా ఎక్కువ తిరిగేలా పిన్నును ఇరుసుకు దగ్గరగా జరపమన్నాను.

“వద్దప్పా. ఇంకా దగ్గరికి పోతే కడ్డీ, లివరు ఒకే గీతలోకి వస్తాయి. ఆడనే ఇరుక్కుంటాది. ఎంత గాలి కొట్టినా తిరగదు,” అన్నాడతను.

పోటీ రోజు అతను ట్యాంకులో గాలి నింపడానికి వెళ్ళినప్పుడు, లివరుకు నేనే కొత్త రంధ్రం వేసి పిన్ను మార్చాను. మొదటి రింగును చేయి ఎంతో అందంగా వెనక్కి తీసుకెళ్ళింది, అక్కడే బిగుసుకుపోయింది. సిలిండరు లాగుతూనే ఉంది, ఇరుసు మాత్రం కదల్లేదు. ఓడిపోయాం.

“ఏం మగా, గాలంతా నువ్వే మింగేసినావా?” అని జట్టులో ఒకడు, కన్నడంలో ‘ఒరేయ్’ లాంటి ఆ పిలుపుతో, నా స్నేహితుణ్ణి ఆటపట్టించాడు. ట్యూబులు బిగించింది నా స్నేహితుడే కాబట్టి అందరూ నవ్వారు. “లీకు లేదు. నేను చూసినా కదప్పా,” అంటూ అతను నా వైపు తిరిగాడు. నేనూ నవ్వాను. జనం చెదిరాక పిన్నును పాత చోటికి మార్చి, కొత్త రంధ్రాన్ని గ్రీజుతో పూడ్చాను.

తర్వాత కొన్నాళ్ళు అతను ల్యాబులో ఒక్కో ట్యూబు అతుకునూ సబ్బునీళ్ళలో ముంచి బుడగల కోసం చూసేవాడు. ఒక్కటీ వచ్చేది కాదు, మళ్ళీ ముంచేవాడు. నేను ఆ పక్క బల్లమీదే ఏదో రాసుకుంటున్నట్టు కూర్చునేవాణ్ణి. మరుసటి ఏడాది జట్టులోకి అతన్ని వద్దన్నప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఈమధ్య ఎలక్ట్రానిక్ సిటీలో ఆ స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్ళాను. వడ్డిస్తున్న భార్యతో, “ఆ పోటీ నా వల్లే పోయిందే, ట్యూబు సరిగ్గా బిగించలేదు నేను,” అన్నాడు హాయిగా నవ్వుతూ. అప్పుడూ నిజం చెప్పలేకపోయాను.

ఇప్పటి పిల్లలు చిన్న మోటారు తగిలించి చేతిని ఎటు కావాలంటే అటు తిప్పేస్తున్నారు, మా అవస్థ వాళ్ళకు అర్థం కాదు. అది సంతోషించవలసిన మార్పే. నన్ను నిలవనీయనిది ఇంకొకటి. లీకు లేదని ఆనాడు అందరి ముందూ చెప్పిన మనిషి, ఇన్నేళ్ళకు తన ట్యూబే లీకైందన్న మా మాటే నమ్మేశాడు.