ఒకే పేరున్న రెండు చీటీలు

మొన్న సోమవారం మా ఆఫీసు కంప్యూటర్లలో కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. పాత జనన రిజిస్టర్లలోని పేర్లన్నీ ఒకచోటికి చేర్చి, ఏ పేరు అడిగినా రెప్పపాటులో చూపిస్తుందట. మధ్యాహ్నానికల్లా తెర మీద ఒక చిన్న గడి వచ్చి, ఒకే ఊరు, ఒకే తండ్రి, ఒకే పేరుతో కొన్ని నమోదులు రెండేసి ఉన్నాయి, అదనంగా ఉన్నవాటిని తొలగించమంటారా అని అడిగింది. దాని కింద అవును, వద్దు అని రెండే మాటలు. పక్క సీటులోని అమ్మాయి, నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నది, "అవునని నొక్కేయక్కా, టీకి ఎళ్దాం" అంది. నా చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. పదేళ్ళ కిందట నేనూ సరిగ్గా ఆ పనే చేశాను. యంత్రం లేకుండా, చేత్తో, ఒక చీటీని రెండుగా చింపి చెత్తబుట్టలో వేశాను. దానివల్ల ఒక అంగన్‌వాడీ ఆయాకు ఉద్యోగంలో మిగిలిన రెండేళ్ళూ పోబోయాయి.

ఇదే ఆఫీసులో రికార్డు గది మా నాన్న చూసేవారు. ఒక ఉదయం స్కూటరు స్టార్టు చేస్తూ గుమ్మంలోనే కూలబడ్డారు, సాయంత్రానికి లేరు. ఉద్యోగంలో ఉండగా పోయినవారి పిల్లలకిచ్చే ఉద్యోగం నాకిచ్చారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నలుగురిలో గొంతు పెగలని దాన్ని, జిల్లా గ్రంథాలయంలో మూలబల్ల దగ్గర కూర్చుని పుస్తకాలు చదువుకోవడం, రాత్రి పడుకునే ముందు డైరీలో నాలుగు వాక్యాలు రాసుకోవడం తప్ప వేరే లోకం ఎరగని దాన్ని, ఆయన కుర్చీలో, ఆయన వేసుకున్న తువాలు మీదే కూర్చున్నాను. సొరుగు లాగితే కళ్ళజోడు పెట్టె, సగం వాడిన దారపు ఉండ కనిపించాయి. అటెండరుగా ఉన్నావిడను నేను పిన్ని అనేదాన్ని. ఆవిడ ఆ మొదటిరోజు టీ తెచ్చి బల్లమీద పెట్టి, గ్లాసు చూసి నాలుక కరుచుకుని, "అయ్యో, సూడకుండా ఆయన గ్లాసే తెచ్చేసినాను" అంది. ఉంచండి పిన్నీ అని తాగేశాను. టీ బాగానే ఉంది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది గాని, ఆ రోజుల్లో నాకు ఏదీ ఏమీ అనిపించేది కాదు. ఏడవలేదు. అమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఆవిడ జడ చిక్కు తీసేదాన్ని.

ఆఫీసుకు మాత్రం పెద్ద చిక్కే వచ్చిపడింది. ఆ గదిలో ఏ కాగితం ఎక్కడుందో నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు. ఎర్రగుడ్డల్లో మూటగట్టిన కట్టలు నేల నుంచి కప్పు దాకా ఉండేవి. పాత ఊరి రిజిస్టర్లు ఊడిపోతే, ఎప్పుడో ఎవరో దొరికిన కాగితాలు దొరికినట్టు కలిపి కుట్టించేయడంతో, ఒక ఊరి పుట్టుకలు ఇంకో ఊరి పుస్తకం మధ్యలో దాక్కున్నాయి. ఆయనుండగా ఎవరొచ్చి అడిగినా నిచ్చెన వేసుకుని ఎక్కి తీసి ఇచ్చేవారు. ఆయన పోయాక నెలల తరబడి వచ్చినవాళ్ళందరినీ వట్టి చేతులతో పంపించాక, పెద్ద గుమాస్తా గారు నన్ను పిలిచి, ఇక మీదట ఏ ఒక్క మనిషి బుర్ర మీదా ఆధారపడని ఏర్పాటు ఏదైనా చెయ్యమన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. ఏ మనిషి బుర్ర గురించి అంటున్నారో గుర్తొచ్చిందేమో, మాట పూర్తి చేస్తూ కిటికీ వైపు తిరిగారు.

నాకు తెలిసిన ఏర్పాటు ఒక్కటే, గ్రంథాలయంలో చూసింది. ప్రతి పుస్తకానికీ ఒక అట్టముక్క, సొరుగు నిండా అట్టముక్కలు, జారిపోకుండా అడుగున చిల్లుల గుండా ఒక ఇనుప చువ్వ. నేను మిగిలిపోయిన పాత ఫారాల వెనకవైపు వాడుకున్నాను. స్కేలు పెట్టి అరచేతి వెడల్పున కోసి, చెప్పుల దుకాణంలో అడిగి తెచ్చిన ఖాళీ పెట్టెల్లో నిలబెట్టి, సైకిలు చక్రం చువ్వ దూర్చాను. అక్షరానికీ అక్షరానికీ మధ్య అడ్డంగా పిన్ని తన ఇంట్లోంచి పట్టుకొచ్చిన పెళ్ళి శుభలేఖలు పెట్టాం. ఇప్పటికీ ఆ పెట్టెలు తెరిస్తే 'అ' కీ 'క' కీ మధ్య ఎవరో వధూవరులు పసుపు మరకతో కనిపిస్తారు.

మొదట పేర్ల వరసలో పెట్టి మోసపోయాను. మా వైపు అరసవల్లి స్వామి పేరున సూర్యనారాయణలూ సూరమ్మలూ, శ్రీకూర్మం స్వామి పేరున కూర్మారావులూ కూర్మమ్మలూ, సింహాచలం మొక్కుతో అప్పలనాయుళ్ళూ అప్పలనరసమ్మలూ. పదిరోజులు తిరిగేసరికి రెండు పెట్టెల నిండా అప్పలనాయుళ్ళే. అప్పుడు వచ్చేవాళ్ళు ఎలా అడుగుతారో గమనించాను. ఎవరూ సంవత్సరం చెప్పరు. ముందు ఊరు చెబుతారు, తర్వాత ఎవరి బిడ్డో చెబుతారు, తమ పేరు చివర చెబుతారు. చీటీ కూడా అలాగే మార్చాను. మొదటి వరసలో ఊరు, రెండో వరసలో తండ్రి, మూడో వరసలో పేరు, నాలుగో వరసలో కట్ట నంబరు, పుట. ఏడు నెలలు రోజూ అదే రాశాను. చెయ్యి రాసేది, నేను ఎక్కడో ఉండేదాన్ని. ఎక్కడున్నానని అడిగితే చెప్పలేను.

అంగన్‌వాడీలో పనిచేసే ఆయాల్లో బడికి వెళ్ళనివారి పుట్టిన తేదీలు పంపమని వాళ్ళ ఆఫీసు నుంచి ఒక జాబితా వచ్చింది. అందులో శ్రీకూర్మం దాపు పల్లెకు చెందిన కూర్మమ్మ అనే ఆయా పేరుంది. ఊరు చూశాను, తండ్రి పేరు చూశాను, చీటీ లాగాను, కట్ట దించి పుట తీసి నకలు రాశాను, గుమాస్తా గారు సంతకం చేశారు. మొత్తం కలిపి పావుగంట. నాన్న ఉన్నా ఇంత తొందరగా దొరికేది కాదని ఎవరో అన్నారు. నేను తల ఊపాను.

పదిహేను రోజులకు ఆ కూర్మమ్మే స్వయంగా వచ్చింది. పొట్టిగా, గట్టిగా, నుదుట రూపాయంత బొట్టుతో, చేతిలో మడతలు పడ్డ కాగితం. ఈ నెలాఖరుకు వయసు నిండిందని ఇంటికి పొమ్మంటున్నారట, తన లెక్క ప్రకారం ఇంకా రెండేళ్ళుందట. ఇంట్లో ఆవిడ తెచ్చేదే తిండి. నేను రిజిస్టరు తెరిచి చూపించాను. ఆవిడ అక్షరాల వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది.

"ఆ గుంట నాను కాదు పాపా. మా అప్ప. అమ్మోరు పోసి రెండో ఏటే సచ్చిపోనాది. ఆ ఎనక నాను పుడితే ఆ పేరే నాకెట్టినారు. మా యమ్మ కూర్మమ్మా అని పిలిస్తే ఇద్దరం పలికినట్టుండేదట."

పోయిన అక్క పేరు అలా చెల్లెలికి పెట్టడం మా ఇళ్ళలో కొత్తేమీ కాదు. పోయిన బిడ్డే తిరిగొచ్చిందనుకుంటారు. పసిపిల్లల చావులు ఆ రోజుల్లో ఎవరూ రాయించేవారు కారు, పుట్టుకలు మాత్రం రెండూ రాయించేవారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, ఒకే ఊరు, ఒకే తండ్రి, ఒకే పేరుతో రెండు చీటీలు చేతికొచ్చిన ఒక రోజు, ఒకే బిడ్డను రెండుసార్లు నమోదు చేశారు కాబోలనుకుని రెండోదాన్ని చింపేశాను. ఆవిడ మాట్లాడుతుంటే ఆ చీటీ చిరిగిన చప్పుడు చెవిలో వినిపించింది. రెండో పుట్టుక ఆ ఊరి పుస్తకంలో లేదు, తర్వాతి ఏళ్ళ కాగితాలు ఊడిపోయి ఏ కట్టలో కలిశాయో ఎవరికీ తెలియదు. తెలిసింది ఆ చీటీకొక్కదానికే.

గుమాస్తా గారు నెలాఖరులోగా అసలు నమోదు చూపిస్తే కొత్త నకలు పంపుతానని, లేకపోతే ఉన్నదే ఖాయమని అన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు. నెలాఖరుకు ఆరు రోజులుంది. చీటీ చింపిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. గుమ్మం దగ్గర కూలబడ్డ ఆవిడ పక్కన నేనూ చతికిలబడి, నోరు విప్పి చెప్పేశాను. అంత ధైర్యం ఎలా వచ్చిందంటే, అది ధైర్యం కూడా కాదు, భయం వేయలేదు, అంతే. ఆవిడ ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, బుగ్గన వేలేసుకుంది.

"ఓలమ్మో! సచ్చిపోయిన మా అప్పని దాసి, బతికున్న నన్ను సింపేసినావేటే పాపా!"

తలుపు దగ్గర నిలబడ్డ పిన్ని పకాలున నవ్వేసింది, ఆ వెంటనే కూర్మమ్మా నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అంది. "మీ నాన్నుండగా ఓటు కార్డు కోసం నానొకపాలి వచ్చినాను. తల ఎత్తకుండానే, కూర్మమ్మా, పెద్దదానివా సిన్నదానివా అనడిగినాడు. సిన్నదాన్ని బాబూ అన్నాను. అంతే, నిచ్చెనెక్కి తెచ్చి ఇచ్చీసినాడు. ఆ కాయితం ఓటోళ్ళే ఉంచీసుకున్నారు."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి డైరీ తీశాను. ఏదైనా గుర్తు రాసుకున్నానేమోనని. ఆ ఏడాది పుటల్లో నా గురించి ఏమీ లేదు. నాన్న పోయిన రోజున మూడు వాక్యాలున్నాయి: ఉదయం ఆసుపత్రి. సాయంత్రం ఇంటికి తెచ్చారు. వాన. చీటీలు మొదలుపెట్టాక ప్రతిరోజూ కట్ట నంబరు, రాసిన చీటీల లెక్క, తిన్న కూర. చదువుతుంటే ఎవరిదో పరాయి మనిషి డైరీలా ఉంది. ఎక్కడో మధ్యలో ఈ పుట వచ్చింది: కట్ట ముప్పై ఏడు. చీటీలు యాభై నాలుగు. ఒకటి రెండుసార్లు వచ్చింది, చింపేశాను. వంకాయ పచ్చడి. అలా చింపానన్న పుటలు మొత్తం పదకొండు ఉన్నాయి. కూర్మమ్మది వీటిలో ఏదో తెలియదు గనక పదకొండు కట్టల నంబర్లూ ఒక కాగితం మీద రాసుకున్నాను.

మర్నాటి నుంచి నేనూ పిన్నీ కట్టలు దించాం. కూర్మమ్మ కూడా పని ముగించుకుని వచ్చి నేల మీద కూర్చునేది. ఆవిడకు చదువు రాదు, దుమ్ము దులిపి ఇచ్చేది. ముప్పై ఏడులో దొరకలేదు. నాలుగో రోజున, ఆమదాలవలస వైపు ఊరి పుస్తకం మధ్యలో కుట్టేసిన ఎనిమిది కాగితాల్లో, తండ్రి పేరు, కూర్మమ్మ, ఆడశిశువు. వేలు పెట్టి చూపిస్తే ఆవిడ కొంగు చివరతో ఆ వరస తుడిచి, "ఇదేనా నాను?" అంది. అవునన్నాను. "సన్నగా రాసినారేటి!" అంది.

గుమాస్తా గారికి రిజిస్టరూ, డైరీలో ఆ పదకొండు పుటలూ చూపించాను. ఎవరికీ చూపించని పుస్తకం అలా బల్లమీద తెరిచి పెట్టడం, చీటీ చింపానని చెప్పడం కన్నా కష్టమైంది. ఆయన వంకాయ పచ్చళ్ళతో సహా అన్నీ చదివి, కేకలేయకుండా, మిగతావి కూడా వెతుకు అని మాత్రం అన్నారు. వెతికాను. నాలుగు నిజంగానే రెండుసార్లు రాసినవి. మిగిలిన ఏడూ పెద్దదీ చిన్నదీ, పెద్దవాడూ చిన్నవాడూ. ఆ రోజు నుంచి చీటీలో ఐదో వరస చేర్చాను: పెద్దదా, చిన్నదా. అలాంటి రెండు చీటీలనూ నాన్న సొరుగులోని దారంతో కలిపి కట్టేదాన్ని, ఒకటి లాగితే రెండోది కూడా రావాలని. ఉండ అయిపోయేదాకా అదే వాడాను.

కూర్మమ్మ ఆ రెండేళ్ళూ పనిచేసింది. తర్వాత ఒక్కసారి అరసవల్లి ఆటోలో ఎదురుగా కూర్చుంది. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ పలకరించలేదు.

ఇప్పుడు చీటీల పెట్టెలు మెట్ల కింద గదిలో ఉన్నాయి. కొత్త ప్రోగ్రాంలో ఊరుంది, తండ్రి ఉన్నాడు, పేరుంది, నేను పడ్డ కష్టంలో నూరోవంతు కూడా లేకుండా అన్నీ దొరుకుతాయి. మంచిదే. ఐదో వరసకు మాత్రం చోటు లేదు, దారానికీ లేదు. మా ఇళ్ళలోనూ పోయిన బిడ్డ పేరు మళ్ళీ పెట్టడం ఇప్పుడు ఎక్కడా వినపడదు. ఇంకొన్నాళ్ళకు ఆ ప్రశ్న అడగవలసిన అవసరమే ఉండదేమో. నాన్న దాన్ని తల ఎత్తకుండా అడిగేవారట. ఇరవై రెండేళ్ళు ఆయనతో ఒకే ఇంట్లో అన్నం తిని, ఆ సంగతి నేను ఒక ఆయా చెబితే విన్నాను.

టీకి తర్వాత వస్తానని ఆ అమ్మాయికి చెప్పి, 'వద్దు' నొక్కాను. గడి మాయమై, మరుక్షణం ఇంకో పేరుతో మళ్ళీ వచ్చింది. ఒక సూరమ్మ, ఇంకో సూరమ్మ, రెండేళ్ళ తేడా. నువ్వు పెద్దదానివా, చిన్నదానివా అని నోట్లోనే అడిగాను. తెర అలాగే నా వైపు చూస్తూ ఉంది.