మా మేనత్త నమ్మని నీళ్లు

మొన్న మా మేనత్త పోయింది. నందికొండ ఆనకట్ట పనిలో ఉన్న నాకు మా ఊరు కట్టంగూరు నుంచి ఒకతను కబురు తెస్తే, నిజమేనా అని నిలదీశాను. ఆమె మేనల్లుణ్ణి కదా, ఎవరి మాటైనా ఓ పట్టాన నమ్మను.

ఆమెకు పాలు పోసే మనిషి మీద అనుమానం, కల్లు పోసే మనిషి మీద అనుమానం, అందరికంటే ఎక్కువ నా మీద. ఓసారి నేను ఆమె చాయ్‌లో ఉప్పు కలిపిన మాట నిజమే. అప్పటినుంచి నేనేది అందించినా, "ముందుగాల నువ్వు తాగు అల్లుడా" అని, నా గొంతు కదిలేదాకా చూస్తూ కూచునేది.

ఒక ఎండాకాలం మా ఊరి కుంట చిలకపచ్చగా మారింది. ఒడ్డున పసరు తెట్టె కట్టి కంపు కొట్టేది. అక్కడ తాగిన గొర్రెలు కాళ్లు కొట్టుకుని పడిపోయాయి. పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఊరంతా ఒకరినొకరు ఓరగా చూసుకుని, చివరికి కుంట పక్కన ఒంటరిగా ఉండే గాజులు అమ్మే ఆమె మీద పడ్డారు. నీళ్లు మంచివే, ఆమే బాణామతి చేసిందన్నాడు ఊరి పెద్ద పటేల్. పళ్లు రాలగొడితే మంత్రం పారదని, ఆమెను గుడిసెలోంచి ఈడ్చుకొచ్చారు.

మా అత్త కూడా తలూపుతుందనే అనుకున్నాను. ఆమె కుంటలో చెంబు ముంచి, ఆ పచ్చటి నీళ్లు తెచ్చి పటేల్ ముందు పెట్టింది.

"నీళ్లు మంచియే, తప్పంతా దాని నోట్లనే ఉందంటున్నవు గద పటేలా. అయితే జర గీ నీళ్లు తాగు. తాగినంక దాని పళ్లు నేనే రాలగొడ్త."

పటేల్ చెంబు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. చెయ్యి మాత్రం చాపలేదు. గాజులామె జుట్టు పట్టుకున్న చేతులు మెల్లగా వదిలేశాయి.

ఆ సాయంత్రమే అత్త కుంట చుట్టూ తుమ్మకంప వేయించింది. నేను ఎక్కడ పీకేస్తానోనని కర్ర పట్టుకుని కాపలా కూచుంది. వానలు పడేదాకా వాగు ఇసుకలో చెలిమెలు తీసి నీళ్లు మోశాం. దవాఖాన నుంచి ఒకాయన వచ్చి, ఆ నీళ్లు పశువులకు కూడా పెట్టొద్దని చెప్పి, సీసాలో కొన్ని పట్టుకుపోయాడు. ఆ సీసా కడిగినదో కాదోనని కూడా ఆమెకు అనుమానమే. ఆమె అనుమానాల వల్లే బతికిన వాళ్లం ఊళ్లో చాలామందిమి ఉన్నాం.

తర్వాత ఒకనాడు, గాజులామెను నిజంగా నమ్మావా అని అడిగాను.

"దాన్నెందుకు నమ్ముత. దాని మీద గూడ నాకు అనుమానమే. కంప ఏస్తే మల్ల తియ్యొచ్చు అల్లుడా. పళ్లు రాలగొడితే మల్ల పెట్టొస్తదా?"

మొన్న కబురు విని నేను ఊరు చేరేసరికి పటేల్ వాకిట్లో తల వంచుకుని కూచున్నాడు. లోపల గాజులామె అత్త కాళ్ల దగ్గర చేరి, ఎవరినీ లెక్కచేయక, నోరంతా తెరిచి ఏడుస్తోంది. తల నెరిసింది. పళ్లు మాత్రం ఒక్కటీ పోలేదు, తెల్లగా మెరుస్తున్నాయి.