ఎండలో పెట్టిన సెల్లులు, పన్నెండు నిమిషాల పాట

మానుకోట స్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో మా అన్నకు క్యాసెట్లు నింపే దుకాణం ఉండేది. కావలసిన పాటలు చీటీ మీద రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చిపోతే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాడు. దుకాణం వెనకే మా ఇల్లు. మధ్యన ఒక పూల పరదా. అవి ఎనభైల చివరి సంవత్సరాలు. నేను డిగ్రీ పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఇంట్లో కూర్చున్నాను.

ఏ క్యాసెట్‌లో ఏమున్నదో చూసుకోవడానికి దుకాణంలో ఒక పొడవాటి రిజిస్టరు ఉండేది. నా దస్తూరి బాగుంటుందని అన్న ఆ పని నాకు అప్పగించాడు. మొదట్లో పేర్లే రాసేదాన్ని. తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఒక్కో పేరు కింద రెండేసి వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. ఒక భజనల క్యాసెట్ కింద "హార్మోనియానికి కొంచెం జలుబు చేసినట్టుంది, పాడే ఆయనకు మాత్రం లేదు" అని రాశాను. అన్న విసుక్కున్నాడు. కానీ కేసముద్రం నుంచి వచ్చేవాళ్లు కూడా అవి చదివి, నవ్వుకుంటూ క్యాసెట్లు అడుగుతుంటే ఊరుకున్నాడు. ఎవరు రాశారంటే తానేనని చెప్పుకునేవాడు. నాకూ అదే నయమనిపించేది. నా డైరీ బట్టల పెట్టె అడుగున ఉండేది, దాన్ని ఎవరూ చూసింది లేదు. నేను రాసింది నలుగురి కళ్లబడే చోటు ఆ రిజిస్టరు ఒక్కటే.

గూడూరు వైపు నుంచి వరంగల్ వెళ్లి ఇంజనీరింగ్ చదివే ఒకతను ఇంగ్లీషు పాటల క్యాసెట్లు తెచ్చి కాపీ చేయించుకునేవాడు. వాటితో పాటు పాత సంగీత పత్రికలు కూడా వదిలిపోయేవాడు. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని వాటిని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. నాకు అర్థమైనంత వరకు ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఒకే దరువు మీద నిలవని సంగీతం. పాట మధ్యలో దారి మారుతుంది, పల్లవి దగ్గరికి తిరిగి రాదు, ఒక్కో పాట ఒక కథంత ఉంటుంది. పవర్ మెటల్ అంటే గిటార్లూ డ్రమ్ములూ గుర్రాల్లా పరుగెత్తడం, పాడేవాడు గొంతు మిద్దె మీదికెక్కించడం.

ఒకసారి అతను ఐరోపా బ్యాండు క్యాసెట్ ఒకటి తెచ్చాడు. బొంబాయిలో ఉన్న బంధువు పంపాడట, పరీక్షల వల్ల వినలేదట. వాళ్ల హాస్టల్లో ఆదివారాలు కొందరు కూడి పాటలు వింటారు. ప్రోగ్రెసివ్ రాక్ తప్ప వేరేది పెట్టకూడదని వాళ్ల నియమం. వచ్చే ఆదివారం ఇతని వంతు. ఇది అదేనా కాదా విని రాసిపెట్టమని అన్నను అడిగిపోయాడు. అన్న క్యాసెట్ తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. ఇంట్లో ఉన్న చిన్న టేప్ రికార్డరులో సెల్లులు అయిపోవచ్చాయి. అందరిళ్లలో చేసినట్టే వాటిని రెండు గంటలు మిద్దె మీద ఎండలో పెట్టి, వేడి చల్లారకముందే వేసి విన్నాను. పాటలు బరువుగా, తీరిగ్గా వచ్చాయి. పాడేవాడికి జ్వరమేమో అన్నది అమ్మ. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. రిజిస్టరులో ఇలా రాశాను: "నిస్సందేహంగా ప్రోగ్రెసివ్ రాక్. ధాన్యం బండ్ల వరుసలా నిదానంగా, గంభీరంగా నడుస్తుంది. పాడేవాడిది బావిలోంచి వచ్చే గొంతు." అతను ఆ మాటలు కాగితం మీద రాసుకుని క్యాసెట్ తీసుకుపోయాడు.

ఆదివారం గడిచాక వచ్చాడు. పరదా వెనక నాకు ముందు వినబడింది అతని గొంతే.

"అన్నా, హాస్టల్ల నా ఇజ్జత్ తీసినవ్. ధాన్యం బండ్లంటివి. ఏడున్నయే బండ్లు?"

అన్న దుకాణంలోని పెద్ద మిషన్‌లో క్యాసెట్ వేశాడు. డ్రమ్ములు వడగళ్ల వానలా పడ్డాయి. ఆ బావిలోని మనిషి తాటిచెట్టెక్కి కూస్తున్నాడు.  నీరసించిన సెల్లులతో ఆ రోజు టేపు నెమ్మదిగా తిరిగిందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

అన్న లోపలికి వచ్చి మెల్లగా, "ఇగ నుంచి పేర్లే రాయి చెల్లె. కింద ఏం రాయకు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బాగుండేది, వాదించే వీలుండేది.

బయట పాటలు నడుస్తూనే ఉన్నాయి. చివరిది పన్నెండు నిమిషాల పైనే ఉంటుంది, ఒక గంటను పోత పోసే మనిషి కథ. ఈ వేగంలో కూడా అది మిగతావాటిలా లేదు. చీటీ రాసి అన్న చేతికిచ్చాను: "మిగతావి మెటలే. తప్పు నాదే. ఈ పాట మాత్రం కాదు." అన్న తీసుకుపోయి చదివి వినిపించాడు. ఎందుకు కాదని ప్రశ్న వచ్చింది. ఇంకో చీటీ రాశాను. దానికీ ప్రశ్న వచ్చింది. మూడో చీటీకి అమ్మ బియ్యం చేట దించింది.

"నువ్వే పొయ్యి చెప్పరాదే. వాడు పరదా సుట్టు ఎన్నిమాట్ల తిరగాలె?"

వెళ్లాను. అతను నన్ను చూసి, రిజిస్టరు చూసి, అన్నను చూశాడు. అన్న క్యాసెట్లు సర్దడం మొదలుపెట్టాడు. నేను నేలనే చూస్తూ సెల్లుల సంగతి చెప్పాను. అతను స్టూలు మీద నుంచి పడేంతగా నవ్వాడు. వాళ్లమ్మ కూడా రేడియో సెల్లులు పెరట్లో ఎండబెడుతుందట. ఆ నవ్వుతో నా భయం సగం పోయింది.

"గని అక్కా, పొడుగుంటే ప్రోగ్రెసివ్ అయితదా? మా ఊళ్లె ఒగ్గు కథ తెల్లారేదాక చెప్తరు."

"చెప్తరు. మరి డోలు తెల్లారేదాక ఒక్క తీరుగనే కొడ్తరా?"

అన్నను పాట మొదటికి తిప్పమన్నాను. కొలిమి వెలిగించే చోట బల్ల మీద నాలుగు లెక్కకు తట్టాను. లోహం కరిగే చోట అది ఏడుకు మారింది. గంట పగిలిన చోట డ్రమ్ములే లేవు, ఒక్క గిటారు. చివర మొదటి రాగం వచ్చింది కానీ వేరే మనిషై వచ్చింది. ముందు పాటలు ఎంత బాగున్నా బయలుదేరిన దరువుతోనే ఊరు చేరతాయని, ఇది కథతో పాటు నడక మారుస్తుందని చెప్పాను. డైరీలో తప్ప అన్ని మాటలు నేను ఒక్కసారిగా ఎప్పుడూ పేర్చలేదు.

అతను రెండోసారి విన్నాడు. ఏడు దగ్గర తానూ తట్టి, తప్పి, మళ్లీ తట్టాడు.

"సరే. గీ పాట అయితది. బ్యాండు గాదు."

నేనూ అంతకు మించి అడగలేదు. రిజిస్టరులో పాత మూడు వాక్యాలు కొట్టేసి రాశాను: "ఈ బ్యాండు పవర్ మెటల్. చివరి పాట ఒక్కటి వాళ్ల చెయ్యి దాటిపోయి ప్రోగ్రెసివ్ రాక్ అయింది. తీరిక ఉన్నప్పుడు వినండి." అతను దాన్ని కాగితం మీద రాసుకుని, వచ్చే వంతులో ఆ పాట ఒక్కటే పెడతానని రైలుకు పోయాడు.

అన్న ఆ వాక్యాలు నిలబడే చదివాడు.

"రాయి గని, ఇంట్ల ఇని రాసుడు బందు. ఈడ కూసొని, కరెంటు మీద ఇని రాయి."

ఈడ అంటే దుకాణంలో, రోడ్డు మీదికి కనిపించే స్టూలు. మిషన్ లోపల పెట్టుకుంటానన్నాను, వైరు అందదన్నాడు. మొదటి వారం గోడ వైపు తిరిగి కూర్చున్నాను. తర్వాత పక్కకు తిరిగాను. ఒకరోజు కేసముద్రం నుంచి వచ్చిన ఒకామె బతుకమ్మ పాటల క్యాసెట్ అడుగుతూ, రిజిస్టరు చదివి నవ్వి, గివి ఎవలు రాస్తరని అడిగింది. అన్న నోరు తెరిచేలోపు "నేనే" అన్నాను. ఆమెకు వినబడలేదు. మళ్లీ అన్నాను.