ఏటిలో ఉన్న అడ్రసు

2022లో వానలు వెనకపట్టిన రోజులవి. అమలాపురంలో మేడ మీద చిన్న గది నా ఆఫీసు. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించడం, తర్వాత వాళ్ళ రిటర్నులు వేసిపెట్టడం నా పని. నేను ఆడిటర్ని కాను, జీఎస్టీ ప్రాక్టీషనర్ని. అయినా వచ్చినవాళ్ళందరికీ ఆడిటరు గారినే.

ఒకరోజు ముమ్మిడివరం అవతలి లంక నుంచి వీరవేణి గారని ఒకావిడ వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. భర్త మస్కట్‌లో డ్రైవరు. ఈవిడ మరో ఆరుగురు ఆడవాళ్ళను కూడగట్టి కొబ్బరి పీచుతో డోర్‌మ్యాట్లు నేయిస్తున్నారు. బెంగళూరులో ఒక షాపువాళ్ళకు అవి నచ్చాయి. క్రమం తప్పకుండా కొంటామన్నారు, కానీ జీఎస్టీ నంబరు ఉండాలన్నారు.

“నెల్లాళ్ళు చూస్తారంటండి. ఆపైన వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటారంటండి. మావాళ్ళు ఆరుగురూ రొయ్యల షెడ్డులో పని మానుకుని మరీ నాతో వచ్చేరండి” అన్నారావిడ.

ఆ నంబరులో పదిహేను అంకెలూ అక్షరాలూ ఉంటాయి. మొదటి రెండూ రాష్ట్రానివి, తర్వాతి పదీ మన పాన్ నంబరు. దరఖాస్తులో వ్యాపారం జరిగే చోటు కూడా చూపించాలి. దాన్ని ప్రిన్సిపల్ ప్లేస్ ఆఫ్ బిజినెస్ అంటారు. రుజువుగా కరెంటు బిల్లో, ఇంటిపన్ను రసీదో జతచేయాలి. ఆవిడ ఇచ్చిన కరెంటు బిల్లు మడతల దగ్గర చిరిగి, నెల చెరిగిపోయి ఉంది. అడ్రసు మాత్రం ఆధార్‌తో సరిపోయింది.

“ఇది మీ ఇల్లేనాండి?”

“ఆయ్, మా ఇల్లేనండి.”

దరఖాస్తు పెట్టేశాను.

వారం తిరగకుండా తనిఖీకి వెళ్ళిన ఆఫీసరు నాకు ఫోను చేశారు. “ఏవండీ, మీరిచ్చిన అడ్రసు అడుగుతూ వచ్చేను. ఊళ్ళోవాళ్ళు ఏటిని చూపిస్తున్నారు” అన్నారు. ఆ సాయంత్రమే పోర్టల్లో నోటీసు పడింది. ఏడు పనిదినాల్లో జవాబివ్వకపోతే దరఖాస్తు తిరగ్గొడతారు. నాకు కోపం వచ్చింది. వీరవేణి గారికి ఫోను చేస్తే, “ఒకసారి రండి, చూపిస్తానండి” అని మాత్రం అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడా నేనూ రేవులో ఇంజను పడవ ఎక్కాం. మంచు ఇంకా విడలేదు. అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు మొదళ్ళు లేకుండా, తలలతోనే గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఏటి మధ్యకు రాగానే ఆవిడ పడవవాడితో, “అన్నయ్యా, ఇంజనాపవా” అన్నారు. చప్పుడు ఆగిపోయింది. నీళ్ళు పడవ అంచును తాకుతున్న సవ్వడి ఒక్కటే మిగిలింది.

“ఇదిగోనండి. మనం ఇప్పుడు వీధరుగు మీదున్నాం” అన్నారావిడ.

పడవ మెల్లగా ప్రవాహంతోపాటు జారుతోంది.

“ఇది నడవండి. మా అత్తగారు ఇక్కడే మంచం వేసుకునేవారు. ఇప్పుడు వంటింట్లోకి వచ్చేం. కొంచెం ముందుకెళ్తే పెరడండి, సన్నజాజి పందిరుండేది.” ఆవిడ చెయ్యి చాచి చూపిస్తుంటే, ఒక్క క్షణం నాకూ ఆ గోధుమరంగు నీళ్ళ కింద గడపలూ గుమ్మాలూ కనబడ్డట్టే అనిపించింది. పడవ పెరడు దాటింది.

“ఒడ్డు కోసుకుపోయి మూడేళ్ళయిందండి. నేను మీకు అబద్ధం చెప్పేనాండి?”

“లేదండి. మీ ఇల్లేనా అనడిగేను. ఉందా అని అడగలేదు” అన్నాను. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. తేదీ చూడకుండా బిల్లు జతచేసింది నేనే కదా.

“ఆధార్‌లో అడ్రసు మార్పించుకోమని అందరూ చెప్పేరండి. మార్పించేస్తే ఇంక నిజంగా లేనట్టే కదండీ” అన్నారామె నీళ్ళవైపు చూస్తూ.

మ్యాట్లు నేసే షెడ్డు ఏటిగట్టు దగ్గర, ఆవిడ ఆడపడుచు స్థలంలో ఉంది. నోటీసుకు జవాబిచ్చే తోవ సులువే. ఆ స్థలం ఇంటిపన్ను రసీదు, వాడుకోవడానికి అభ్యంతరం లేదని ఆడపడుచు రాసిచ్చే కన్సెంట్ లెటర్ పెడితే చాలు. కానీ మొదట ఇచ్చిన అడ్రసు ఎందుకు తప్పిందో వివరణ కూడా ఇవ్వాలి. నేను టైపు చేస్తానంటే ఆవిడ వద్దన్నారు. షెడ్డులో పీచు కట్టల మీద కూర్చుని తెల్లకాగితం తీసుకున్నారు. మగ్గాల దగ్గర ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. చాలాసేపటికి ఆవిడ ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటున్నట్టు రాశారు: “పై అడ్రసులో ఇల్లు ఇప్పుడు లేదు. గోదావరిలో కలిసిపోయింది.”

రాసి, కళ్ళు తుడుచుకుని, కింద సంతకం పెట్టారు.

ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు అప్‌లోడ్ చేశాను. ఆఫీసరు మళ్ళీ వచ్చారు. షెడ్డు ముందు వీరవేణి గారిని నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. కాగితం గురించి ఏమీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ, “మ్యాట్లు బాగున్నాయమ్మా” అన్నారు. నాలుగో రోజున సర్టిఫికెట్ వచ్చింది. షాపువాళ్ళు పెట్టిన నెల గడువుకు ఇంకా ఐదు రోజులుండగానే మొదటి లోడు బెంగళూరు వెళ్ళింది. ఆ తర్వాతి వారం ఆవిడ తనంతట తనే ఆధార్ సెంటరుకు వెళ్ళి అడ్రసు మార్పించుకున్నారని తెలిసింది.

అప్పటిదాకా అడ్రసంటే నాకు ఫారంలో నింపే ఒక గడి. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు కంప్యూటరు తెరవను. “మీ చోటు ఎలా ఉంటుందో చెప్పండి” అంటాను. ఆడిటరు గారికి ఇదెందుకు అన్నట్టు చూస్తారు. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెడతారు.