అమ్మ అడిగిన సూచన

రెండువేల సంవత్సరం దాటాక జరిగిన ఒక పంచాయతీ ఎన్నికలో మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. మా ఉరవకొండ పక్కపల్లెలో అప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చున్నవన్నీ మీసాలే. చర్చి ఆడవాళ్లంతా అమ్మను నిలబడమన్నారు. బోరు చెడిపోతే మండలాఫీసుకు పోయి తగాదా పెట్టుకునేది ఆమే. ఆ నోరే నాకూ వచ్చిందంటారు, కాదనను.

అమ్మ మాత్రం దేవుడు పిలవనిదే నామినేషన్ వేయనంది. అధికారంలో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించేది ఆయనేనని మా పాస్టరు ఎన్నికలొచ్చినప్పుడల్లా చెప్పేవాడు. నేనూ నమ్ముతాను. నా పేచీ అంతా అమ్మ అడిగిన సూచనతోనే. పూర్వం ఇశ్రాయేలులో ఒకాయన గొర్రెబొచ్చును ఆరుబయట పరిచి, తెల్లారేసరికి దాని మీద మాత్రమే మంచు పడితే తనను నాయకుడిగా పిలిచినట్టేనని దేవుడితో మాట్లాడుకున్నాడట. అమ్మ కూడా మిద్దె మీద కంబళి పరిచింది.

"అమ్మా, అది ఆయప్ప దేశం. ఈడ వానకాలంలోనే వాన లేదు, నీకు మంచు యాడిది?" అన్నాను.

"దేవునికి కానిది ఉండాదా?" అంది.

ఊరంతా ఎండుతుంటే నీ కంబళి ఒక్కటే తడుపుతాడా, ఆయనకు న్యాయం లేదా అని ఎదురు తిరిగాను. చేట విసిరింది. తగల్లేదు.

నామినేషన్ల గడువు ముగిసే రోజు పొద్దున కూడా కంబళి పొడిగానే ఉంది. అమ్మ దాని పక్కనే కూలబడింది. నిలబడాలని ఆమెకు ఎంత ఆశో నాకు అప్పుడు తెలిసింది. ఆ ఆశ తనదో దేవుడిదో తేల్చుకోలేకే పాపం అది పరిచింది.

ఇంతలో చర్చి ఆడవాళ్లు ట్రాక్టరు మాట్లాడుకుని మరీ వచ్చారు. దేవుడు పలకలేదని అమ్మ చెప్పింది. వాళ్లలో పెద్దామె, అమ్మకు పిన్నమ్మ వరస, కంబళి మడిచి చంకన పెట్టుకుంది.

"నీకు చెప్పకుంటే ఏమాయె, మాకు చెప్పినాడు. ఇంతమందికి చెప్పి, మళ్లీ నీకు వేరేగా కబురంపల్లనా? కలెక్టరమ్మవా నువ్వు? లెయ్, చీర మార్చుకో."

అమ్మ నా వైపు చూసింది, వాదించమన్నట్టు. నేను పోయి బీరువాలోంచి పండగ చీర తీశాను.

ట్రాలీలో కీర్తనలు పాడుకుంటూ మండలాఫీసుకు పోయాం. అమ్మ అందరికంటే గట్టిగా, పూర్తిగా శ్రుతి తప్పి పాడింది. నాతో సహా ఎవరమూ సరిచేయలేదు.