గోడవతలి బండ

రాష్ట్రం విడిపోవడానికి ముందటేడు అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్నప్పుడు, మాకు వండిపెట్టే మెస్సు అక్క పొద్దున్నే గ్యాస్ బండను వంచి ఊపి చూసేది. తర్వాత కంగారుగా నన్నడిగేది: "మీ పైపు యాడిదాక వచ్చింది, తమ్మీ?"

తుర్క్‌మెనిస్తాన్ నుంచి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ల మీదుగా మనకు గ్యాస్ తెచ్చే పైపులైను గురించి నేను బయటికి చదవడం ఆమె విన్నది.

"సంతకాలైనయక్కా. తవ్వుడే మొదలుకాలే."

ఆమెకున్న భరోసా గోడవతలి మెస్సు. ఎవరి బండ ఆలస్యమైనా రెండోవాళ్లు బదులిచ్చేవాళ్లు. ఆ ఎండాకాలం నల్లా నీళ్ల దగ్గర మాటామాటా పెరిగి పలకరింపులు ఆగిపోయాయి.

ఒకరోజు అన్నం సగం ఉడికేసరికి మంట ఆరిపోయింది. అక్క గోడ దాకా వెళ్లింది. దాని మీద చెయ్యి వేసి, పిలవబోయి ఆగింది. అవతల తాలింపు చిటపటలాడుతోంది.

"దేశాలోళ్లు కొట్లాడుకుంటే పైపుల గ్యాస్ ఆగుతదా, తమ్మీ?" అంది, నా వైపు తిరగకుండానే.

"ఆగదక్కా. ఒప్పందం రాసుకుంటరు."

"రాసుకుంటే మాత్రం? మాటల్లేనోళ్లను ఎట్లడుగుతరు?"

ఆ రోజు పలుకన్నమే తిన్నాం.

పరీక్షలో ఆ పైపులైను ప్రశ్నే వచ్చింది. ధర, రవాణా రుసుము, భద్రత అన్నీ రాశాను. చివర 'ఒప్పందం ఉంది కనుక సరఫరా ఆగదు' అని రాశాక, గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డ అక్క కళ్లముందు కదిలింది. ఆ ఒక్క వాక్యం కొట్టేశాను.