సర్కారు పసుపు

ఆర్మూరు మార్కెట్ యార్డులో పసుపు తూచే కాంటాల పక్కనున్న ఆ సర్కారు ఆఫీసు తాళంచెవి గంగాకిషన్ సారు దగ్గరే ఉంటుంది గానీ, పెత్తనమంతా కమలవ్వ చీపురుది. ఆమె ఊడ్చి, నీళ్లు చల్లి, "ఇగ రాండ్రి" అనేదాకా సారైనా గడప దాటడు. కమలవ్వకు నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది, జీతమే పాపం ఎదగలేదు.

ఈమధ్య హాజరు రిజిస్టరు అటకెక్కి కొత్త సాఫ్ట్‌వేర్ దిగింది. జీతం, సెలవు, పింఛను అన్నీ ఫోనులోకి చేరాయి. పొద్దున్నే టేబులు మీది ఆఫీసు ఫోనుకు మొఖం చూపాలి. అది గుర్తుపడితే హాజరు, లేకుంటే ఆ రోజు జీతం గోవిందా. అయితే మొఖాల ఫొటోలు తీసింది మంచి పసుపు సీజన్లో. బస్తాలు కుమ్మరిస్తుంటే లేచిన దుమ్ములో ఊడుస్తున్న కమలవ్వను కేకేసి, "జర ఇటు చూడవ్వా" అని టక్కున నొక్కేశారు.

వానలు పడ్డాయి, యార్డు ఖాళీ అయింది. కమలవ్వ శుభ్రంగా కడుక్కున్న మొఖంతో నిలబడితే ఫోను "గుర్తించలేకపోయాం" అంది.

"నన్నే గుర్తువట్టవా? నువ్వు పండుకునే టేబులు తుడిచేదాన్ని నేనే!" అని కమలవ్వ దాని మీద గయ్యిమంది.

సారు ఆమెను వెలుతురులో నిలబెట్టాడు, నీడలో నిలబెట్టాడు. ఫోను మొండికేసింది. వరుసగా గైర్హాజరు పడుతోంది. ఒకరోజు మూలగదిలో పాత పసుపు సంచులు దులిపి అలాగే వచ్చి నిలబడితే మాత్రం, ఫోను "స్వాగతం" అంది. సారుకు కిటుకు దొరికింది.

"అవ్వా, రేపటి సంది మొఖానికి జర పసుపు రాసుకొని రా," అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

కమలవ్వ భర్త ఎర్రన్న చనిపోయి చాలా ఏళ్లయింది. ఆనాడే బొట్టుతో పాటు పసుపూ ఆమెకు కాకుండా చేశారు. తమాషా ఏమిటంటే, ఇన్నేళ్లూ యార్డు పసుపు ఆమె చెవుల్లో, జుట్టులో దూరినా ఎవరికీ పట్టలేదు. చీపురు లేపిన పసుపు కూలి, అద్దం ముందు రాసుకున్న పసుపు పాపం. ఈ శాస్త్రం ఏ మహానుభావుడు రాశాడో గానీ, ఆయన తన వాకిలి ఒక్కనాడైనా ఊడ్చి ఉండడు.

మర్నాడు ఆమె తలుపు గొళ్లెం పెట్టుకుని అద్దం ముందు కూర్చుంది. రాసుకున్నాక పాత కమలవ్వ ఎదురొచ్చినట్టయి ఏడుపొచ్చింది. ఏడిస్తే పసుపు చెరిగి మళ్లీ గైర్హాజరు పడుతుందని ఆపుకుంది.

మొదట్లో కొంగు అడ్డం పెట్టుకుని నడిచేది. నెల తిరిగేసరికి కొంగు జారింది, పసుపు పాదాలకూ దిగింది.

తోడికోడలు శంకరమ్మ ఊరుకుంటుందా? "మొగడు పోయినదానివి, గీ షోకులేందే?" అని వాకిట్లోనే నిలేసింది.

"షోకు నాదా? సర్కారు ఆర్డరు. పసుపు లేకుంటె జీతం లేదు. నువ్విస్తవా?"

"సర్కారుకు పాపం పుణ్యం తెల్వదా?"

"ఫోనుకే తెల్వాలె. నువ్వే అడుగు."

ఆ తర్వాత చుట్టాల పెళ్లిలో పసుపు గిన్నె ఎప్పటిలాగే ఆమెను దాటిపోబోయింది. కమలవ్వ చెయ్యి చాచి, "ఇటియ్యి బిడ్డా, రేపు డ్యూటీ ఉన్నది," అంది. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు, నవ్వుతూనే గిన్నె ఇచ్చారు.

ఇంతలో మంచికి పోయి గంగాకిషన్ సారే చిక్కు తెచ్చిపెట్టాడు. ముసలామెకు ఇబ్బందని పైకి రాశాడు. సాఫ్ట్‌వేర్ సరిచేసే నవీన్ హైదరాబాదు నుంచి దిగి, "రేపు కొత్త ఫొటో తీస్త అవ్వా, మొఖం కడుక్కొని రా. ఇగ పసుపు తిప్పలుండవు," అన్నాడు.

శంకరమ్మ ఆ మాట విని పాయసం వండినంత పని చేసింది. కమలవ్వకు మాత్రం ముద్ద దిగలేదు. సర్కారు ఒక్కటే తన పక్కన నిలబడిందనుకుంటే, అది కూడా తప్పుకుంటోంది.

తెల్లారి ఆమె ఆఫీసుకొచ్చేసరికి నవీన్ నోరెళ్లబెట్టాడు. నుదుటి నుంచి మెడ దాకా నిండా పసుపు.

"కడుక్కొని రమ్మంటి గద అవ్వా!"

"కడుక్కున్న. కడుక్కున్నంకనే రాసిన. తియ్యి."

"గిట్ల తీస్తే రోజూ రాసుకోవాలె మరి. రిటైరయ్యేదాంక!"

"పింఛనుకు గూడ గీ మొఖమే అడుగుతదా?"

"అడుగుతది. ఏటేటా చూపాలె, బతికున్నన్ని దినాలు."

కమలవ్వ కొంగు సర్దుకుని ఫోను ఎదుట నిటారుగా నిలబడింది.

"నీ నోట్ల చక్కెర పొయ్య! గా మాట మా శంకరమ్మకు వినవడేటట్టు ఇంకోపారి గట్టిగ చెప్పు బిడ్డా."